నైరుతి ట్యాంకు

అశోక్‌నగర్‌లో మా డాబా మీద సోలార్ పెట్టించాలనుకున్నప్పుడు ఇన్వర్టర్ కోసం పడ్డ తంటాలు నేను పెళ్లిచూపులప్పుడు కూడా పడలేదు. ప్యానెళ్ల మీద పుట్టిన కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చేది ఆ పెట్టే కదా, అది మూలపడితే అంతా దండగ. సర్వీసు సెంటర్ ఊళ్లోనే ఉందా, గ్యారంటీ కాగితం మీద ఉందా నోటి మీద ఉందా, ఎండకు వేడెక్కి ఆగిపోతుందా అంటూ నారాయణగూడలో పొద్దున్నే నాతో నడిచేవాళ్లందరినీ విసిగించాను. చివరికి నేను కనిపించగానే వాళ్లు అవతలి ఫుట్‌పాత్ ఎక్కేవారు.

ఇదంతా మా ఆవిడ కోసమే. మా పడకగది సరిగ్గా డాబా కింద ఉంది. వేసవి మధ్యాహ్నం అందులో పడుకోవడమంటే పెనం మీద పడుకోవడమే. ఏసీ ఉంది కానీ, పగటిపూట దాన్ని చుట్టాలొస్తేనే వేస్తాం. "ఈ వేసవి నుంచి హాయిగా ఏసీ వేసుకుని పడుకో, బిల్లు సంగతి సూర్యుడు చూసుకుంటాడు" అని గొప్పగా మాటిచ్చాను.

ప్యానెళ్లు ఎక్కడ బిగించాలో చూడ్డానికి సోలార్ అతను వచ్చినప్పుడు ఆవిడ ఒక్కటే అంది. "ఏవండీ, అక్కడ మధ్యాహ్నం దాటితే ట్యాంకు నీడ పడుతుంది. నా వడియాలే ఎండవు."

"ఇవి వడియాలు కాదు" అన్నాను.

అతనూ నసిగాడు. "మేడం చెప్పింది కరెక్టే సార్. ఈ ఇన్వర్టర్‌కి ప్యానెళ్లన్నీ ఒక్క లైన్ల ఉంటయి. ఒక్కదాని మీద నీడ పడ్డా లైన్ మొత్తం డల్ అయితది. ట్యాంకు జర జరుపుదామా? లేదంటే ప్యానెల్‌కొక చిన్న ఇన్వర్టర్ పెడదాం, నీడ పడ్డదే తగ్గుతది, మిగతావి నడుస్తయి."

జరపడమా! నైరుతి మూల బరువుంటేనే ఇంటి యజమాని మాట చెల్లుతుందని వాస్తు చూసినాయన చెబితే, దిమ్మె కట్టించి మరీ ఎక్కించిన ట్యాంకది. ఇక చిన్న ఇన్వర్టర్లంటారా, అంత వెతికి ఎంచుకున్న పెట్టె ముందు అవి నా కంటికి ఆనలేదు.

వేసవి వచ్చింది. ఇన్వర్టర్ ఒక్క రోజు కూడా మొరాయించలేదు. ట్యాంకు నీడ కూడా అంతే నమ్మకంగా రోజూ వచ్చి ప్యానెళ్ల మీద పడుకునేది. ఎంత కరెంటు పుడుతోందో చూపించే ఫోన్‌లో అంకె పడిపోగానే నేను వెళ్లి ఏసీ కట్టేసేవాణ్ణి. ఆవిడ తడి తువ్వాలు మెడకు చుట్టుకుని గచ్చు మీద పడుకునేది.

ఒకరోజు చిక్కడపల్లిలో పని చూసుకుని వచ్చేసరికి ట్యాంకు ఉత్తరం గోడ దగ్గరుంది. నైరుతిలో ఉత్త దిమ్మె మిగిలింది. సోలార్ అతను దగ్గరుండి ప్లంబర్‌తో పైపులు బిగింపిస్తున్నాడు.

"మేడం ఫోన్ చేసిన్రు సార్. మీకు చెప్పిన్రనుకున్న" అన్నాడు నా మొహం చూసి.

కోపంగా కిందికి దిగి పడకగది తలుపు తోశాను. "నైరుతి తేలికైపోతే ఇంక ఈ ఇంట్లో నా మాట చెల్లుతుందా?" అని అరిచాను.

మంచం మీదున్న ఆవిడ కళ్లు కూడా తెరవలేదు. "తలుపు వెయ్యండి. చల్లగాలి పోతోంది."

వేశాను.