రబ్బరు బ్యాండ్ల మేడమ్

శుక్రవారం నాడు ఆడపిల్లలకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ పెట్టిన మహానుభావుడెవరో గానీ, వాడింట్లో ఆడపిల్లలు లేరని నా గట్టి అనుమానం. ఉండుంటే తెలిసేది, శుక్రవారం పొద్దున తలంటు పోసుకోకుండా మన ఇళ్ళల్లో ఆడపిల్ల గడప దాటదని. తడి జుట్టు అల్లరు. అల్లితే తలనొప్పి వస్తుందట, పేలు పడతాయట. కొసన చిన్న ముడి వేసి, జుట్టు వీపంతా ఆరబోసుకుని వస్తారు. వచ్చేదెక్కడికయ్యా అంటే, బర్నర్లు భగభగ మండే గదిలోకి.

తిరుపతిలో మా యూనివర్సిటీ ల్యాబుకు సీసాలూ గొట్టాలూ ఇచ్చే స్టోరు నాది. నా కిటికీ ల్యాబు తలుపును ఆనుకునే ఉంటుంది. అందుకే చంద్రకాంతమ్మ మేడమ్ పడే అవస్థ నా కంట పడకుండా పోదు. ఆమె ల్యాబ్ ఇన్‌ఛార్జి. పూతలపట్టు మనిషి, గట్టి గొంతు. శుక్రవారం వస్తే రబ్బరు బ్యాండ్ల డబ్బా పట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడుతుంది. వచ్చిన పిల్లనల్లా వెనక్కి తిప్పి, తిడుతూ జుట్టు పైకి చుట్టి ముడేస్తుంది. ల్యాబు కళ్ళద్దాలు మర్చిపోయి వచ్చినవాళ్ళను వెనక్కి పంపుతుంది. మగపిల్లలైతే కాళ్ళు చూస్తుంది. బూట్లు వేసుకోరా అని ఏడాదిగా మొత్తుకుంటున్నా ఢిల్లీబాబు అనేవాడు చెప్పులు ఈడ్చుకుంటూ వస్తాడు. వాడికి చెప్పడం, దున్నపోతు మీద వాన కురవడం, రెండూ ఒకటే.

పవిత్ర సంగతి వేరు. ఐరాల దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల. మోకాళ్ళు దాటే జుట్టు. పోయినేడు వాళ్ళ నాయన వరదయ్య మామిడిచెట్టు మీంచి పడి వెన్ను దెబ్బ తిని మంచం పట్టాడు. నాయన తన కాళ్ళ మీద తాను నడిచిన రోజు కొండకు పోయి తలనీలాలిస్తానని ఆ పిల్ల మొక్కుకుంది. అప్పటినుంచి ఆ జుట్టు తనది కాదు, స్వామిది. దువ్వెనలో నాలుగు వెంట్రుకలు వచ్చినా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నాయనేమో మంచం మీంచి వాకిలి దాకా, గోడ పట్టుకుని, అంతే.

ఆ శుక్రవారం మేడమ్ పవిత్రకూ ముడేసింది. వేసి ఢిల్లీబాబు చెప్పుల మీదికి తిరిగింది. బ్యాండు బిగుతుకు వెంట్రుకలు తెగుతున్నాయని, మొక్కిన జుట్టు తెగనిస్తే పాపమని, లోపలికి పోయిన పవిత్ర బ్యాండు తీసేసింది. నాలుగు వెంట్రుకల కోసం. ఏమనాలి చెప్పండి ఈ పిల్లలను? కింద పడ్డ గాజు కడ్డీ కోసం వంగింది. ఫ్యాను గాలికి జుట్టు ఎగిరి బర్నర్ మీద పడింది.

కేక విని నేను పోయేసరికి మంట నడుము దాటి పైకి పాకుతోంది. నేను గ్యాసు కట్టేశాను. మేడమ్ వడపోత కాగితాలు కోసే పెద్ద కత్తెర అందుకుంది. పవిత్ర ఆమె చెయ్యి పట్టుకుని కోయొద్దు మేడమ్ అని ఏడ్చింది. మేడమ్ వినలేదు. మంటకు పైన గుప్పిట పట్టి కసకస కోసి, మండే కొసను తొట్టిలో పడేసి కుళాయి తిప్పింది. పిల్లకు ఒక్క బొబ్బ లేదు. భుజాల దాకా జుట్టు మిగిలింది.

ఇక చూడండి మన జనం తెలివి. బ్యాండు తీసిన పిల్లను ఒక్కరూ అనలేదు. స్వామి జుట్టుకు కత్తెర పెట్టిందని మేడమ్‌ను చూసి గుసగుసలు. పవిత్ర అన్నం మానేసింది. మొక్కు చెడింది, ఇక నాయన లేవడని. మేడమ్ పైకి గట్టిగానే ఉంది గానీ, సాయంత్రం నా కిటికీ దగ్గర నిలబడి, కోయకుండా ఇంకేం చేసుండాల్సిందో చెప్పమని నన్నడిగింది. ఆమె చేత అలా అడిగించిన జనం మీద నాకు ఒళ్ళు మండింది. ఇది కూడా అడగాల్సిన ప్రశ్నేనా?

సోమవారం మెట్ల మీద కర్ర చప్పుడైంది. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పైకి వచ్చినాయన వగరుస్తూ, ఆ మేడమ్ యాడుండాదని గద్దించి అడిగాడు. మేడమ్ లేచి బయటికి వచ్చింది. వెనకే పవిత్ర వచ్చి నాయన కాళ్ళ వంక చూసింది.

"నాయనా, ఒక్కడివే ఎక్కినావా?"

వరదయ్య వెనక్కి తిరిగి మెట్లు చూసుకున్నాడు. కూతురు ఫోన్లో ఏడ్చిన ఏడుపుకు కోపంతో బస్సెక్కిన మనిషి, కాళ్ళ మాటే మర్చిపోయాడు. గోడ లేదు, పట్టుకున్నవాళ్ళు లేరు. కర్ర ఒక్కటే. కూతురి తల వంచి మెడ తడిమాడు, మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన కోపం చల్లారిపోయింది. మేడమ్‌కు చేతులెత్తి మొక్కాడు.

"జుట్టు తక్కువైతే సామికి సర్ది సెప్పుకుంటాంలేమ్మా. బిడ్డ మొగం కాలిపోయుంటే ఎవురికి సెప్పుకునేది?"

మేడమ్ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే తిట్లకు దిగింది.

"నీ బిడ్డా అంతే, నువ్వూ అంతే. నడుము బాగలేనోడివి ఇన్ని మెట్లు ఎవురెక్కమన్నారప్పా నిన్ను?"

తిట్టి, బీరువాలోంచి ఒక పొట్లం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కోసిన జుట్టులో కాలని భాగమంతా ఏరి, పవిత్ర తీసి పారేసిన ఆ బ్యాండుతోనే కట్టి ఆ రోజే దాచిపెట్టింది. తండ్రీ కూతుళ్ళు అటునుంచి అటే కొండకు పోయారు.

మళ్ళీ శుక్రవారం. మేడమ్ డబ్బాతో తలుపు దగ్గర. పవిత్ర నున్నటి గుండుతో, దాని మీద ఆరిన గంధంతో వచ్చి ఎదురుగా నిలబడింది. బ్యాండు తీయబోయిన మేడమ్ చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. ఎగాదిగా చూసింది.

"గుండు సరే. కళ్ళద్దాలేవే?"

హాస్టల్లో మరిచిపోయిందట! మేడమ్ మొత్తం భవనానికి వినబడేలా తిట్టి వెనక్కి పంపింది. పిల్ల నవ్వుకుంటూ మెట్లు దిగుతుంటే, పరిగెత్తొద్దు, మెల్లిగా పో అని పైనుంచి మళ్ళీ ఒక కేక. ఆ వెనక తలంటుకుని వచ్చి నిలబడ్డ పిల్లలందరూ, ఎవరూ చెప్పకుండానే, చేతులు వెనక్కి పెట్టి జుట్టు ముడేసుకుంటున్నారు.