వదినె పళ్లమీది మరక

మా వదినె జన్మలో బీడీ తాగలేదు. ఈ మాట నేనే రాయాలి.

ఆమెది నల్లగొండ దిక్కు. పెళ్లై బాన్సువాడకు వచ్చి, మా వాడ ఆడవాళ్లతో కూర్చొని బీడీలు చుట్టేది. పళ్లమీద గోధుమరంగు మరకలుండేవి. నవ్వొస్తే కొంగుతో నోరు మూసుకునేది.

"చుట్టినవాట్ల సగం వదినెనే తాగుతది. పళ్లు చూడుండ్రి" అని ఒకసారి నవ్వులాటకు అన్నాను. ఆ మాట వాడంతా పాకింది. బీడీ కార్ఖానావాళ్లు ఆమెకు చుట్టడానికి ఆకు ఇవ్వడం మానేశారు. అన్న ఆమెతో మాటలు తగ్గించాడు. ఆమె చిగుళ్ల నుంచి రక్తం కారేదాకా బొగ్గుపొడితో తోముకునేది.

"తమ్మీ, నేను తాగంగ చూసినవా?" అని ఒక్కసారే అడిగింది. నవ్వి తప్పించుకున్నాను.

పదేళ్లకు నా దవడపన్ను పుచ్చి, హైదరాబాదులో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. "బీడీలు తాగి పళ్లకు మరకలు పడ్డ మా వదినెకు ఒక్క పన్ను కూడా పుచ్చలేదు" అన్నాను. ఆమె పుట్టిన ఊరేదని ఆయన అడిగాడు. నల్లగొండ దిక్కు అన్నాను.

"అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ అనే ఉప్పు ఎక్కువ. చిన్నప్పటి నుంచి తాగితే పళ్లకు మరక పడుతుంది, తోమితే పోదు. అదే కొద్దిగా ఉంటే పంటిమీది గట్టిపొరను కాపాడుతుంది. పళ్లు పుచ్చకుండా దాన్నే పూస్తారు కూడా."

ఇంటికి రాగానే అన్నకు అంతా చెప్పాను. పక్కనే బియ్యం ఏరుతున్న వదినె తలెత్తలేదు.

"దీని నోట్ల బీడీ వాసన ఒక్కనాడు రాలేదురా," అన్నాడు అన్న. "అయినా తమ్ముడెందుకు అబద్ధమాడతడని నీ మాటనే నమ్మిన."