మైకు ఒక గదిలో, మెకానిక్కు ఒక గదిలో

వీధిలో ఆవిడను అందరూ అనౌన్సరమ్మ అనే పిలుస్తారు. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో రైల్వేస్టేషన్ మైకులో చెప్పీ చెప్పీ రిటైరయిన మనిషి. ఊరంతా ఆవిడ గొంతు విన్నది. విననిదల్లా ఇంట్లో ఉన్న ఒక్క మొగుడు. ఆయన ఫ్రిజ్ మెకానిక్. భార్య ఒక మాట చెబితే "ఊఁ" అంటాడు, రెండో మాటకు గురక పెడతాడు. ఈయనకు చెప్పే బదులు గోడకు చెప్పుకోవడం నయమని ఆవిడ నలుగురిలోనూ దెప్పేది. నవ్వుతూనే దెప్పేది గానీ, లోపల బాధ మాత్రం నిజంగానే ఉండేది.

ఆవిడకో మేనకోడలు. చూపు లేదు, చదువంటే ప్రాణం. చరిత్ర పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి. లావుపాటి పుస్తకాన్ని కంప్యూటరు చదివి పెడుతుంది గానీ, ఆ గొంతులో రాజులందరూ ఒక్కలాగే చచ్చిపోతారని ఆ పిల్ల గొడవ.

"నువ్వు చదివి రికార్డు చేసివ్వత్తా. నీ గొంతయితే గుర్తుంటుంది" అంది.

అత్త పొంగిపోయింది. మళ్ళీ మైకు ముందు కూర్చోవడం, అదీ వినేవాళ్ళ కోసం! అడ్డమల్లా ఇంట్లోని పాత లాప్‌టాపే. ఆన్ చేసి, కూరలు తరుక్కుని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. రికార్డింగు మధ్యలో బిగుసుకుపోయేది. యుద్ధం మొదలయ్యేది, ముగిసేది కాదు.

కొత్తది కొందామంటే మొగుడికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇన్ని ఫ్రిజ్‌లకు ప్రాణం పోసినవాడికి ఇదో లెక్కా అన్నాడు. ప్రాసెసర్‌ను బోర్డుకు అతికించేయకుండా, ఊడదీసేందుకు వీలుగా పెట్టిన కాలం నాటి లాప్‌టాప్ అది. దానికి ఏది సరిపోతుందో కనుక్కుని, పాత సామాన్ల కొట్లో చచ్చిపడి ఉన్న మరో లాప్‌టాప్ నుంచి ఇంకాస్త జోరైన ప్రాసెసర్ తెచ్చాడు. నాలుగు జీబీ మెమరీ తీసేసి పదహారు పెట్టడానికి రెండు కొత్త ర్యామ్ కార్డులు కొన్నాడు.

భోజనాల బల్ల మీద తువ్వాలు పరిచి లాప్‌టాప్‌ను బోర్లా పడుకోబెట్టాడు. ఊడదీసిన స్క్రూలను ఐస్ ట్రే గడుల్లో వరసగా వేశాడు. లోపలి రాగి గొట్టం చూడగానే చుట్టం ఎదురైనంత సంబరపడి, వేడిని మోసుకెళ్ళి బయట పడేసే పని దీనిదీ మన ఫ్రిజ్‌దీ ఒకటేనన్నాడు. ప్రాసెసర్ వేడిని ఆ గొట్టానికి అందించే పాత పేస్టు ఎండి పెచ్చులు కడితే గుడ్డతో తుడిచి, కొత్త ప్రాసెసర్ కూర్చి, దాని నెత్తిన బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టి, అన్నీ బిగించాడు.

ఆన్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. తెర నల్లగా ఉండిపోయింది. మెకానిక్కు ముఖంలో నెత్తురు చుక్క లేదు. మళ్ళీ విప్పి చూస్తే ర్యామ్ కార్డు ఒకటి సగమే కూర్చుంది. బొటనవేలితో నొక్కగానే టక్కుమంది. ఈసారి ఆవిడ కుర్చీ లాక్కునేలోగా తెర వెలిగింది. ఇక ఆయన గొప్పలు చూడాలి! పక్కింటివాళ్ళను కూడా పిలిచి చూపించాడు.

తీరా రికార్డు చేసి వింటే గొంతు వెనకాల హోరు. కొత్త ప్రాసెసర్ వేడి ఎక్కువ, ఫ్యాను ఆ మాత్రం తిరగక తప్పదు. మెకానిక్కు కాసేపు తల గోక్కుని, మైకుకు పొడుగాటి వైరు తగిలించి లాప్‌టాప్‌ను పడగ్గది గోడకు ఆనుకున్న వంటింట్లోకి మార్చాడు. ఆవిడ తలుపు మూసుకుని పడగ్గదిలో చదవాలి, ఆయన వంటింట్లో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డింగు మీట నొక్కాలి. చదవడం ఆపితే ఆపాలి, మొదలెడితే మళ్ళీ నొక్కాలి. అంతే పని.

ఆ రోజు పాఠం, ఫ్రిజ్‌లు లేని కాలంలో మంచుగడ్డల్ని రంపపు పొట్టులో కప్పి ఓడల్లో సముద్రాలు దాటించిన కథ. మధ్యలో ఆవిడ మంచినీళ్ళు తాగడానికి ఆగింది. ఆయన మీట ఆపాడు. తర్వాత ఆవిడ గుక్క తిప్పుకోకుండా చివరికంటా చదివేసి, వంటింట్లోకొచ్చి చూస్తే మంచినీళ్ళ దాకానే ఉంది. మిగతాదంతా గాలికి పోయింది.

ఆవిడకు ఒళ్ళు మండింది. "ఒక్క మీట నొక్కలేకపోయారా? నిద్రపోయారా?"

"లేదే, వింటున్నాను" అన్నాడాయన.

"అయితే ఏం విన్నారో చెప్పండి."

చెప్పాడు. మంచును ఎలా కోశారో, ఓడ అడుగున ఎలా పేర్చారో, దారిలో ఎంత కరిగిందో, ఒడ్డున దించేటప్పుడు జనం ఎలా ఎగబడ్డారో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ చదివేటప్పుడు ఎక్కడ గొంతు తగ్గించిందో అక్కడ తనూ తగ్గించాడు. "ఆ ఓడ తుఫానులో చిక్కుకుందే, అప్పుడు నాకింక మీట గుర్తుంటేనా" అన్నాడు చివర్లో, తప్పు చేసినవాడిలా.

అనౌన్సరమ్మ కోపం దిగిపోయింది. కళ్ళు చెమర్చాయి. సంతోషం పట్టలేక, ఏం చేయాలో తోచక, ఆయన చెవుల మీద హెడ్‌ఫోన్లు సర్ది పడగ్గదిలోకి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చదివింది.

పరీక్షలకు ముందే పుస్తకం పూర్తయింది. మేనకోడలు అంతా విని ఫోన్ చేసింది.

"ప్రతి పాఠానికీ ముందు 'ఏమండీ, వింటున్నారా' అంటున్నావత్తా. ఆ తర్వాత గోడ మీద ఎవరో టక్‌టక్‌మని కొడుతున్నారు. ఆ ముక్కలు తీసేయనా?"

"వద్దమ్మా, ఉండనీ" అంది అత్త.