నంది కొండ మీద వడియాలు

ఈ ఉదయం సర్జాపురలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద ఎవరో పాత చీర పరిచి వడియాలు పెట్టారు. ఆ ఇంగువ వాసనకి మా అవ్వే ఎదురొచ్చినట్టయింది.

ఎండాకాలంలో అవ్వ, తాత హిందూపురం నుంచి బెంగళూరులో మా ఇంటికొచ్చేవాళ్లు. నంది కొండ చూడాలని తాతకి ఎన్నేళ్ల కోరికో! ఒకసారి నాన్న అందరినీ తీసుకెళ్లాడు. ఎండ వృథా అయితే మన అవ్వలు ఊరుకుంటారా? కొండెక్కగానే అవ్వ సంచిలోంచి వడియాల పిండి డబ్బా తీసింది.

"ఇంత ఎండ ఉండాది, ఊరికే పోనిస్తామా?" అంటూ బండ మీద తాత పంచె పరిచి వడియాలు పెట్టేసింది. తాత చేతికి కర్రిచ్చి కాపలా కూర్చోబెట్టింది. పాపం, సాయంత్రం దాకా ఆయన లోయకి వీపు తిప్పి కోతుల్ని తోలుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక పక్కింటాయన అడిగాడు, "కొండ ఎట్లుండాది?"

"కొండ సంగతి తెల్దు గానీ, కోతులు మాత్రం శానా బాగుండాయప్పా" అన్నాడు తాత.