మా వంశంలో నా ఒక్కడికే

నా ఒంటి మీది గడ్డలకి కారణం వంకాయలేనని మా అమ్మ పోయేదాకా నమ్మింది. నేను కడుపులో ఉండగా, గ్రహణం పట్టిన వేళ, ఆమె తెలియక కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరిగిందట. ఎవరడిగినా అదే చెప్పేది. అడగనివాళ్ళకి కూడా చెప్పేది. "నా సేతులారా నేనే సేసేను బాబూ, ఆడి తప్పేటుంది?" అని కళ్ళు ఒత్తుకునేది.

పుట్టినప్పుడు ఉన్నవి మచ్చలే. పాలు ఎక్కువైన టీ రంగులో, వీపు మీదా పొట్ట మీదా పది పన్నెండు. పదహారో ఏట గడ్డలు మొదలయ్యాయి. బఠాణీ గింజంత కొన్ని, ఉసిరికాయంత కొన్ని. మెత్తగా ఉంటాయి, నొప్పి ఉండదు, అప్పుడప్పుడు దురద. ఇరవై వచ్చేసరికి చొక్కా దాటి మెడ మీదికీ ముంజేతుల మీదికీ వచ్చేశాయి. పులిపిర్లకి చేసినట్టే వీటికీ అమ్మ నూతిలో బెల్లం వేసి వెనక్కి చూడకుండా వచ్చేది. బెల్లం కరిగినట్టు అవి కరిగిపోతాయని నమ్మకం. అనకాపల్లి పక్కన పుట్టినవాళ్ళకి బెల్లానికి కరువేమిటి! ఆమె వేసిన బెల్లానికి ఆ నూతి నీళ్ళు పానకం అయ్యుండాలి. నా గడ్డలు మాత్రం ఒక్కటి కరిగితే ఒట్టు.

నాన్న గానుగ దగ్గర పాకం చూసేవాడు. పెద్ద పెనంలో చెరకురసం మరిగి చిక్కబడుతుంటే, చెయ్యి చన్నీళ్ళలో ముంచి పాకం చుక్క తీసి, వేళ్ళ మధ్య నలిపి "దించండి" అనేవాడు. ఆ మాట ఒక్క నిమిషం ఆలస్యమైతే పెనమంతా మాడిపోతుంది. నేనూ ఆ పని నేర్చుకున్నాను. బాగానే నేర్చుకున్నాను, ఇందులో నా గొప్ప ఏమీ లేదు, రక్తంలోనే ఉందేమో. ఒకరోజు బెల్లం కొనడానికి వచ్చిన ఒకాయన నా చేతులకేసి చూసి నాన్నని పక్కకి పిలిచాడు. పిలిచాడు గానీ గొంతు తగ్గించలేదు. "మామా, ఆడి సెయ్యి పాకంలో ఎట్టనియ్యకు. తినీ సరుకు." మర్నాడు నాన్న నన్ను లేపకుండా ఒక్కడే గానుగకి వెళ్ళిపోయాడు. నేను మేలుకునే ఉన్నాను. దుప్పటి ముసుగులోంచి సైకిలు చప్పుడు విన్నాను.

ఆ తర్వాత తినే సరుకు కాని పని వెతుక్కున్నాను. అనకాపల్లిలో మోటార్లకి వైండింగ్ చేసే షాపు పెట్టాను. కాలిన రాగితీగ విప్పడం, కొత్త తీగ చుట్టడం. మోటారుకి నా మెడ మీద ఏముందో పట్టదు. జనం మోటారు గుమ్మంలో దించి, "ఎప్పుడిత్తావు?" అని అక్కడినుంచే అడిగి వెళ్ళిపోతారు. వెనక గదిలో వండుకుంటాను, అక్కడే పడుకుంటాను. పండక్కి ఎవరైనా పిలిస్తే పని ఉందంటాను. కొన్నాళ్ళకి పిలవడం మానేస్తారు. మనుషులకి అలవాటు చెయ్యాలే గానీ దేనికైనా అలవాటు పడతారు.

నాకున్న తోబుట్టువు ఒక్కతే, మా అప్ప. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నక్కపల్లి ఇచ్చారు. ఆమెకి ఒక్కతే కూతురు. పిల్లకి ఏడాది నిండాక ఉప్మాక వెంకన్న దగ్గర చెవులు కుట్టిస్తామని మొక్కుకున్నారు. చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. అప్ప స్వయంగా వచ్చి షాపు గుమ్మంలో నిలబడి, "నువ్వు తప్ప ఎవరున్నార్రా దానికి మావయ్య? పొద్దున్నే వచ్చెయ్యాలి," అని చెప్పి వెళ్ళింది. సరేనన్నాను. కొత్త చొక్కా కుట్టించాను. ఆ రోజు పొద్దున్న తలుపు తాళం వేసి, రోడ్డెక్కి, మళ్ళీ వెనక్కి వచ్చాను.

నా భయం ఒక్కటే. నా గడ్డలు ఆ పిల్లకి అంటుకుంటాయని. ఏడాది పిల్ల, తెల్లటి చర్మం, నా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే నా చేతులు తగలకుండా ఎలా ఉంటాయి? పాకంలో పెట్టనివ్వని చేతులు పసిపిల్ల మీద పెట్టనా? నాలుగు రోజులయ్యాక అప్ప ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడిగితే, ఒక అర్జెంటు మోటారు వచ్చిందన్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డికి అన్నట్టుంది నా జవాబు. "అవునులే, నీ పని నీది," అని పెట్టేసింది.

అంతే. ఇరవై నాలుగేళ్ళు. అమ్మ పోయినప్పుడు కలిశాం, నాన్న పోయినప్పుడు కలిశాం. పిల్ల పెళ్ళికి కార్డు పంపారు. పెళ్ళికూతుర్ని గంపలో మోసుకురావలసినవాణ్ణి ఆ రోజు షాపులో కూర్చుని రెండు గుర్రాల మోటారు విప్పాను. ఎవరు మోశారో నేనడగలేదు.

పోయినేడాది ఒకరోజు మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"మావయ్యా, నేను. మీ అప్ప కూతుర్ని. కోప్పడకు, నీతో పనుండి చేస్తున్నాను." విశాఖపట్నంలో కాపరం, మాట కొంచెం మారింది, గొంతు మాత్రం అచ్చు మా అప్పదే. "నాకు మూడో నెల. ఇంట్లో ఎవరికైనా ఏమైనా ఉందా అని డాక్టరమ్మ అడిగితే అమ్మ నీ గురించి చెప్పేసింది. అమ్మకి కూడా నడుం మీద నీలాంటి మచ్చలు మూడున్నాయి. అమ్మకి అదే అయితే నాకు రావచ్చంట, నాకుంటే బిడ్డకి రావచ్చంట."

"మరిప్పుడేటంటారు?"

"ముందు నీ రక్తంలో ఏది పాడైందో కనిపెడితే, అదే అమ్మలో ఉందో లేదో చూస్తారు. మా అత్తగారు తేలేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు." గొంతు తగ్గించింది. "ఉందంటే తీయించేసుకోమంటారు, మావయ్యా. నాకు ఈ బిడ్డ కావాలి."

ఎప్పుడు రావాలో చెప్పమన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. ఫోన్ పెట్టాక చేతిలో ఉన్న తీగ ఎన్ని చుట్లు చుట్టానో మర్చిపోయి, మొత్తం విప్పి మళ్ళీ చుట్టాను.

ఆసుపత్రిలో మేనకోడలే నన్ను లోపలికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ చొక్కా చేతులు పైకి మడవమంది. అడగనైనా అడగకుండా నా ముంజేతి మీది గడ్డని వేలితో నొక్కి చూసింది. చెయ్యి లాక్కున్నాను.

"నొప్పా?"

"కాదండి. మీకు అంటుకుంటాదని."

"ఇది అంటుకునేది కాదండీ," అంది, టైమెంతయిందో చెప్పినంత మామూలుగా.

"పసిపిల్లలకి కూడానా?"

"ఎవరికీ అంటుకోదు."

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పింది. నా పక్కన కూర్చున్న మేనకోడలు నాకేసి చూస్తోంది. నేను దాని చెవులకేసి చూడకుండా ఉండటానికి గోడ మీది బొమ్మలు చూశాను.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. మనిషి కణాల్లో రాస్ అనే చిన్న ప్రోటీన్ ఉంటుందట. జీటీపీ అనే పదార్థాన్ని పట్టుకుని ఉన్నంతసేపూ అది వెలిగే ఉంటుంది, పెరగండి పెరగండి అని కణాలకి చెబుతూనే ఉంటుంది. దాన్ని ఆర్పడానికి ఇంకో ప్రోటీన్ ఉంది, న్యూరోఫైబ్రోమిన్. దాన్ని తయారు చేసే జన్యువు పేరు ఎన్ఎఫ్ వన్. అందరికీ ఆ జన్యువు రెండు ప్రతులుంటాయి, నాలో ఒకటి పాడై ఉంటుందని ఆవిడ అనుమానం.

గానుగ పొయ్యి దగ్గర ఇద్దరుంటారు. ఒకడు చెరకుపిప్పి ఎగదోసి మంట పెంచేవాడు, పాకం రాగానే మంట బయటికి లాగేవాడు ఇంకొకడు. నాకు అదే తోచింది.

"అంటే మంట లాగీవోడు పనికి రాలేదన్నమాట," అన్నాను.

"సరిగ్గా అదే!" అని ఆవిడ నవ్వింది.

నేను నవ్వలేదు. "మాయమ్మ గ్రహణం నాడు వంకాయలు తరిగిందండి. అందుకేనా?"

"కాదండీ. ఒక్కోసారి అది దానంతటదే పాడవుతుంది. అమ్మా కారణం కాదు, నాన్నా కారణం కాదు. ఎవరి తప్పూ కాదు."

అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. నలభై ఏళ్ళు కళ్ళొత్తుకుంది. ఈ మాట పట్టుకెళ్ళి ఎవరికి చెప్పను? అంత కోపం నాకెప్పుడూ రాలేదు. ఎవరి మీదో తెలియని కోపం.

నాకు పిల్లలుంటే వచ్చేదా అని కూడా అడిగాను. ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుందంది. లేరులెండి అన్నాను. ఆవిడ కాగితం మీద రాసుకుంది.

నా రక్తంలో ఆ జన్యువు పాడైందని తేలింది. తర్వాత అప్ప రక్తం తీశారు. ఆ ఫలితం వచ్చేరోజు అందరం వరండాలో కూర్చున్నాం. అప్ప, మేనకోడలు, దాని భర్త ఒక బల్ల మీద. ఎదురుగా ఉన్న బల్ల మీద నేను. అప్పకి జుట్టు బాగా నెరిసింది. తిన్నావా అని అడిగింది, తిన్నానన్నాను. తినలేదు.

పేరు పిలిస్తే అందరం లోపలికి వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం తిప్పి, అప్పకి అది లేదంది. ఆ మూడు మచ్చలూ ఉత్త మచ్చలేనంది. కూతురికి వచ్చే దారి లేదు, బిడ్డకీ రాదు. ఈ ఇంట్లో ఇది నాతోనే మొదలైందంది.

మేనకోడలు పొట్ట పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. దాని భర్త దాని తల మీద చెయ్యి వేశాడు. వరండాలోకి రాగానే అప్ప వియ్యపురాలికి ఫోన్ చేసింది. ఆనందంతో గొంతు ఆసుపత్రంతా వినిపించింది. "ఒదినా! మా తమ్ముడొక్కడికేనంట! ఇంకెవులికీ లేదంట! మా ఒంశంలోనే లేదంట!"

నేనూ నవ్వాను. నిజంగానే సంతోషించాను, అబద్ధం చెప్పను. ఆ బిడ్డ బతికిందని నా గుండె నిండిపోయింది. అదే గుండెలో ఇంకోటి కూడా ఉంది. తాతలూ ముత్తాతలూ అందరినీ వరసగా నిలబెట్టినా నాలాంటివాడు ఒక్కడూ లేడు. వాళ్ళకి దూరంగా ఉండి వాళ్ళని కాపాడుతున్నాననుకున్నాను. నేను వాళ్ళకిచ్చిందల్లా ఆ దూరమే. దాని అవసరం వాళ్ళకి ఏనాడూ లేదు.

ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చి బస్టాపులో నిలబడ్డాను. అప్ప వెనకాలే ఆయాసపడుతూ వచ్చింది.

"ఏరా, సెప్పకుండా ఎల్లిపోతావేటి?"

"షాపు మూసేసి వచ్చేనప్పా."

ఆమె అదేమీ వినలేదు. "పసిపిల్లలకి అంటుకుంటాదా అని డాక్టరమ్మనడిగేవంట. పిల్ల సెప్పింది. ఉప్మాకకి అందుకేనా రాలేదు?"

తలూపాను. "మరెందుకనుకున్నావు?"

"నీకు మేం అక్కర్లేదనుకున్నాన్రా," అంది. "అమ్మా నాన్నా నన్ను బాగా సూసేరు, నిన్ను గానుగ కాడినుంచి తీసేసేరు కదా. ఆ కోపం నా పిల్ల మీద సూపించేవనుకున్నాను. సరేలే, మనమెల్లి ఆణ్ణి ఇబ్బంది ఎట్టడమెందుకని నేనూ రాలేదు. ఒక్క మాట సెప్పొచ్చు కదరా!"

ఏదో అనాలి. జేబులో షాపు తాళంచెవి తడుముకున్నాను. ఆమె చాలాసేపు నా మొహం చూస్తూ నిలబడింది. ఈలోగా అనకాపల్లి బస్సు వచ్చేసింది. "ఎక్కు, సీట్లుండవు," అని భుజం మీద చెయ్యి వేసి తోసింది. ఎక్కేశాను. వెధవని, ఎక్కేశాను.

గాజువాక దాటేదాకా ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నాను. అప్పుడు చేశాను. వెంటనే ఎత్తింది.

"అప్పా, నాకు మీరు కావాలే," అన్నాను.

బస్సు చప్పుడుకి ఆమెకి వినబడలేదు. "ఏటి?" అంది.

"మీరు కావాలన్నానే!" అని అరిచాను. బస్సులో సగం మంది వెనక్కి తిరిగి నా మొహం చూశారు. చూడనీ.