దిగలేని స్టాపు

మా కాలేజీ స్టాపు వచ్చింది గానీ నేను సీట్లోంచి లేవలేకపోయాను. శ్రీకాకుళంలో ఎక్కి రోజూ దిగే చోటే అది. నేను పాఠం చెప్పే సబ్జెక్టులో రిజల్టు తగ్గిందని ప్రిన్సిపాల్ పిల్లల ముందే నిలబెట్టి తిట్టినప్పటి నుంచి నెలల తరబడి నాకు నిద్ర కరువైంది. ఆ ఉదయం ముందు సీటు కమ్మీని పట్టుకున్న చేతులు ఇక వదల్లేదు. బస్సు కదిలింది. చచ్చిపోతే రేపు ఇక్కడ దిగక్కర్లేదు అనిపించింది.

పక్కన కూర్చున్న పెద్దావిడ నా చేతులనే చూస్తోంది.

“ఏటైనాదమ్మా?”

“కాలేజీలో పనికెళ్లాలి, దిగలేకపోయానండి,” అన్నాను.

“మా తమ్ముడూ ఇలాగే. ఆపీసుకెల్లాలంటే వణికిపోయీవోడు. బద్దకమని తిట్టేం.”

“ఇప్పుడెలా ఉన్నారు?”

“లేడమ్మా. మాకేటీ సెప్పకుండానే పోనాడు. నువ్వు సెప్పు. ఇంట్లో ఎవులికో ఒకలికి సెప్పు.”

అక్కకు ఫోన్ కలిపి పెద్దావిడ చేతిలో పెట్టాను. ఆవిడే మాట్లాడింది. విజయనగరం వెళ్లవలసిన మనిషి నాతోపాటు దారిలో రణస్థలంలో దిగిపోయి, అక్క వచ్చేదాకా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

“సెల్లిని ఏటీ అడక్కమ్మా. ముందు డాక్టరుకి సూపించు,” అని అక్కతో చెప్పి, వచ్చిన బస్సు ఎక్కేసింది.

డాక్టరు, మందులు, ఆ ఉద్యోగం మానెయ్యడం అన్నీ తర్వాతి సంగతులు. ఆ పూట అక్క నన్నేమీ అడగలేదు. స్కూటీ వెనక కూర్చుని, ఆమె వీపుకి ముఖం ఆనించి దారంతా ఏడ్చాను. అన్ని నెలల్లో నాకు ఏడుపు రావడం అదే మొదటిసారి.