రాళ్ళు తీసే పెర్సీద

మా కొండదారిన నడిచేవాళ్ళు గుహ దగ్గర ఆగి, దాని మూతికి ఒక రాయి చేర్చి ముందుకు కదులుతారు. పూర్వం ఒక వీరుడు నరికిన మహాసర్పం తల అందులో కుళ్ళుతోందనీ, ఏటా డాన్యూబ్ నది ఒడ్డున ముసిరే, నెత్తురు తాగే నల్లీగలు దాంట్లోంచే పుడతాయనీ మావాళ్ళ నమ్మకం. పెర్సీద ఒక్కతే పోతూ పోతూ ఒక రాయి తీసేది.

"ఈగల్ని వదుల్తున్నావా ముసల్దానా?" అని ఊళ్ళోవాళ్ళు వేళాకోళం చేసేవారు.

"మీరు నోళ్ళు మూసుకోండి, అవి దూరే చోట్లు తగ్గుతాయి" అనేది.

నలభై ఏళ్ళ కింద ఈగలు విరుచుకుపడి ఆవులు నురగలు కక్కి చచ్చాయి. ఆ సాయంత్రం గుహలోంచి సన్నగా రొద వినిపించింది. ఈగలే అనుకుని ఊరంతా పరిగెత్తి మూతి మూసేసింది. పదేళ్ళవాణ్ణి, నేనూ నాలుగు రాళ్ళు మోశాను. అందరికన్నా పెద్ద రాయి పెర్సీదే పెట్టింది. పొద్దున మేకలతో వెళ్ళిన ఆమె మొగుడు ట్రైలా ఆ రోజు తిరిగి రాలేదు. ఏట్లో పడ్డాడన్నారు.

పోయిన మే నెలలో, గాలి స్తంభించిన మధ్యాహ్నం, ఆమెతో కొండెక్కాను. ఈగలు కుట్టకుండా ఒంటికి పంది కొవ్వు పూసుకున్నాం. వాటిని తోలడానికి ఆమె చేతిలో చిల్లుల డబ్బా పొగ కక్కుతోంది. గుహ దగ్గరికి వచ్చేసరికి ఈగలు కమ్ముకున్నాయి. చెవుల్లో, కనురెప్పల మీద, చొక్కా లోపల. మెడ మీదుగా నెత్తురు కారింది. సిగ్గెందుకు, ఏడ్చేశాను.

"రాళ్ళు లాగరా యోవా."

"అవి పుట్టేదే ఇందులో కదత్తా."

"లాగమన్నానా."

లాగి లోపలికి దూరాం. సందుకి ఆమె తన శాలువా అడ్డం పెట్టింది. లోపల చల్లగా ఉంది. ఏ చప్పుడూ లేదు. ఎంతసేపు చూసినా ఒక్క ఈగ లేదు.

ఆమె అగ్గిపుల్ల గీసింది. మేం పేర్చిన రాళ్ళకి ఆనుకుని ఒక జత బూట్లు, వాటిలో ఎముకలు. పక్కనే మేకుతో చిల్లులు పొడిచిన డబ్బా, ఆమె చేతిలోదానిలాంటిదే.

"పురుగు పుట్ర కూడా లేదు చూశావా" అంది నెమ్మదిగా.

"లేదత్తా."

"ఆ రోజు మూలిగింది మా ఆయనేరా."

అగ్గిపుల్ల ఆరిపోయింది. ఆమె ఇంకోటి గీయలేదు. చీకట్లో, ఆనాడు తను పెట్టిన ఆ పెద్ద రాయి కోసం తడుముతున్న ఆమె చేతుల చప్పుడు వింటూ, నా నాలుగు రాళ్ళ సంగతి చెప్పలేక కూర్చున్నాను.